ఆపా గోలీలు

రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చేది. గడియారం చూడక్కర్లేదు. ముందు ఛాతీ మీద ఎవరో వేడి పెనం పెట్టినట్టుండేది. అక్కణ్ణుంచి సెగ మెడకెక్కి, చెవులకెక్కి, మాడు దాకా పోయేది. తర్వాత చెమట. జాకెట్టు, దిండు, తల కింద దుపట్టా అన్నీ తడిసిపోయేవి. ఐదు నిమిషాలకి వణుకు. డిసెంబరులో మా పాతపట్నంలో మహేంద్రతనయ మీంచి వచ్చే గాలికి జనం దుప్పట్లు ముసుగుతన్ని పడుకుంటే, నేను కిటికీ రెక్కలు తెరుచుకుని నిలబడేదాన్ని. మా షౌహర్ నిద్రలోనే "క్యా హువా?" అనేవారు. "ఏం లేదు, పడుకోండి" అనేదాన్ని. ఏం చెప్పాలి? ఇరవై ఎనిమిదేళ్ళ సంసారంలో ఆ మనిషితో నా ఒంటి గురించి మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అప్పటికి నాకు యాభై ఒకటి. నెలసరి ఆగి పధ్నాలుగు నెలలు. అమ్మీకి ఫోన్ చేస్తే "సబర్ కర్ బేటీ, సబ్ కో హోతా హై" అంది. ఈ సంగతి మీద అమ్మీకున్న ఇల్మ్ అంతే, వాళ్ళమ్మ ఆమెకిచ్చిందీ అంతే. ఉర్దూలో ఈ వయసుకి సిన్నె యాస్ అని పేరు. యాస్ అంటే నాఉమ్మీదీ, ఆశ వదులుకోవడం. అరబ్బీ మాట్లాడే డాక్టర్లు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. ఫిఖ్హా కితాబుల్లో నెలసరి ఆగిన ఔరత్ పేరు ఆయిసా. ఇక పిల్లలు పుట్టే ఉమ్మీద్ లేదు అన్నంత వరకే దాని మతలబు, నాకూ తెలుసు. కానీ తడిసిన దిండు తిరగేసుకుంటున్న వేళ ఆ మాట ఇంకోలా వినపడుతుంది. తెలుగులో ముట్లుడగడం అంటారు. అదే నయం. ఉడిగాయి, అంతే. మధ్యలో ఎవరి ఆశలూ లేవు.

ఆపా నాకన్నా మూడేళ్ళు పెద్ద. విజయనగరంలో ఉంటుంది. (మా వీధిలో వాళ్ళు అక్కని అప్ప అంటారు, మేం ఆపా అంటాం. చిన్నప్పుడు రెండూ ఒకటే మాట అనుకునేదాన్ని, వీళ్ళకి పలకడం రాక పొట్టి చేస్తున్నారని. వాళ్ళేమో మేం సాగదీస్తున్నాం అనుకునేవాళ్ళట.) ఆపాకి ముప్ఫై నాలుగో ఏట గర్భసంచి తీసేశారు. ఎక్కువ ఖూన్ పోతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, "సంచి పాడైపోయింది, ఉంచితే కేన్సర్ అవుతుంది" అన్నారు. కేన్సర్ అన్న మాట వినగానే మా బావగారు ఏ కాగితం మీద పెట్టమంటే ఆ కాగితం మీద సంతకం పెట్టారు. ఏ పరీక్షలో ఏం కనబడిందని అడిగిన వాళ్ళు మా ఖాందాన్‌లో ఒక్కరూ లేరు, నాతో సహా.

ఇది మా ఒక్క ఇంటి కహానీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్న వాళ్ళు దేశం మొత్తమ్మీద 3 శాతం పైచిలుకు ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. 2019-21 సర్వేలోనూ ఆ లెక్క పెద్దగా కదల్లేదు. తెలంగాణ కూడా మన వెనకే. అవసరం లేని ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం చేసిన మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి హుకుం ఇచ్చింది. ఆపా సంచి పోయి అప్పటికి పందొమ్మిదేళ్ళు.

ఆపరేషన్ అయిన ఏడాదికే ఆపాకి నా రాత్రులు మొదలయ్యాయి. ముప్ఫై ఐదేళ్ళ మనిషికి! బీపీ అన్నారు, నజర్ తగిలిందన్నారు, తావీజ్ కట్టారు. ఆరేళ్ళ తర్వాత విశాఖపట్నంలో ఒక డాక్టరమ్మ పాత డిశ్చార్జి కాగితం చదివి, "మీకు అండాశయాలు కూడా తీసేశారమ్మా, తెలీదా?" అంది. అప్పటికి ఎముకలు అరవై ఏళ్ళ మనిషివిలా పల్చబడ్డాయి. ఆ డాక్టరమ్మే ఈస్ట్రోజెన్ గోలీలు రాసింది. రోజుకొకటి. ఆపా మళ్ళీ మనిషైంది.

ఇక నా గలతీ.

బక్రీద్‌కి ఆపా ఇంటికి వెళ్ళాను. ఇద్దరం ఒకే మంచం మీద పడుకున్నాం. నేను రాత్రంతా లేచి కూర్చుంటుంటే ఆపా చిన్నపిల్లలా నిద్రపోతోంది. తెల్లారాక అడిగాను. గోలీల సంగతి చెప్పింది. "నాకూ ఇవ్వు" అన్నాను. "డాక్టర్ని అడుగు ముందు" అంది. ఆ మాట ఆపా అంది, ఇక్కడ నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేనే వినలేదు. ఒక స్ట్రిప్ సంచిలో పడేసుకుని వచ్చేశాను. ఒకే అమ్మ కడుపున పుట్టాం, ఒకే నెత్తురు, ఆమెకి పడింది నాకు పడదా? అయిపోయాక ఖాళీ స్ట్రిప్ పట్టుకుని పర్లాకిమిడిలో ఒక మందుల షాపుకి వెళ్ళాను. చీటీ అడగలేదు. మూడు స్ట్రిప్పులు కాగితంలో చుట్టి ఇచ్చారు.

ఎనిమిది నెలలు జన్నత్. పది రోజుల్లో సెగలు తగ్గాయి, నెలకి పూర్తిగా పోయాయి. ఫజర్‌కి అలారం లేకుండా లేచేదాన్ని. మోకాళ్ళ నొప్పి కూడా తగ్గినట్టే ఉండేది. మా అబ్బాయి "అమ్మీ, ఈమధ్య తిట్టడం లేదేంటి" అన్నాడు. ఇంత చిన్న గోలీలో ఇంత రాహత్ ఉంటే, మా నానీ, దాదీ, అమ్మీ అందరూ ఆ రాత్రులు ఊరికే సబర్ చేశారే అని ఏడుపొచ్చింది ఒకరోజు.

తొమ్మిదో నెలలో ఒక జుమా రోజు గుస్ల్‌కి వెళ్తే ఖూన్ కనబడింది.

మొదట వచ్చిన ఆలోచన కేన్సర్ కాదు. నమాజ్ చదవాలా వద్దా! రెండేళ్ళుగా లేని మసలా. హైజ్ అయితే నమాజ్ మాఫ్. ఇస్తిహాజా, అంటే నెలసరి కాని ఖూన్ అయితే మాఫ్ లేదు, చదవాలి. మన హనఫీ లెక్కలో మూడు రోజుల కన్నా తక్కువైనా పది రోజులు దాటినా అది హైజ్ కాదు. ఎవర్ని అడగాలి? మసీదులో మౌలానా సాబ్‌ని అడగాలంటే షౌహర్ ద్వారా అడగాలి, అంటే ముందు షౌహర్‌కి చెప్పాలి. ఆఖరికి ఖాలాకి ఫోన్ చేశాను. ఖాలా చాలాసేపు ఖామోష్‌గా ఉండి, "నమాజ్ సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి పో" అంది. "ఆగిన ఖూన్ మళ్ళీ రావడం మంచిది కాదు." డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, బడికి పోని మనిషి, మా అందరి కన్నా సరైన మాట చెప్పింది. నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి. డాక్టర్లు చెప్పేదీ అదే.

సారవకోట, నరసన్నపేట మీదుగా శ్రీకాకుళం బస్సు. ఆ గంటన్నరలో ఎన్ని దువాలు చదివానో. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 14 మిల్లీమీటర్లుంది. నెలసరి ఆగిపోయి ఖూన్ కనిపించిన మనిషికి ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూడాలట. మొదట చూసిన డాక్టరు స్కాన్ కాగితం చూస్తూనే, నా మొహం చూడకుండానే, "సంచి తీసేద్దాం. ఈ వయసులో దాంతో పనేముంది" అన్నారు.

ఆపా మంచం, ఆపా తావీజ్, ఆపా ఎముకలు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. "మా వాళ్ళతో మాట్లాడి వస్తా" అని లేచొచ్చేశాను.

రెండో డాక్టరమ్మ ముందు అడిగింది, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని. స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టాను. చూసింది. "దీంతో పాటు ఇంకోటి?" "ఇంకోటి అంటే?" ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరిచ్చారమ్మా మీకు ఇది?" అంది. ఆపా సంగతి చెప్పాను.

"మీ అక్కకి సంచి లేదు. మీకుంది. మొత్తం తేడా అదే."

తర్వాత ఆమె చెప్పింది నాకు ఇప్పటికీ వరిచేనులాగే గుర్తుంది, ఎందుకంటే ఆమె వరిచేనుతోనే చెప్పింది. ఈస్ట్రోజెన్ యూరియా లాంటిది. గర్భసంచి లోపలి పొరని పెంచుతూ పోతుంది. వయసులో ఉన్నప్పుడు ప్రతి నెలా అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ వస్తుంది. అది పెరుగుదల ఆపి పైరుని పండిస్తుంది, అది తగ్గగానే కోత, అంటే నెలసరి. "మీరు ఎనిమిది నెలలు యూరియా చల్లుకుంటూ పోయారు, కోత లేదు. చేను ఏమవుతుంది?" మీ అక్కకి చేనే లేదు కాబట్టి ఆమెకి యూరియా ఒక్కటీ చాలు, అది ఆమె ఒంట్లో మిగతా పనులు చేసుకుంటుంది. సంచి ఉన్న మనిషి ఈస్ట్రోజెన్ వేసుకుంటే ప్రొజెస్టిరోన్ జాతి మందు ఏదో ఒకటి జతగా ఉండాల్సిందే. ఆ జాతి మొత్తానికి ప్రొజెస్టోజెన్లు అని పేరు.

షరమ్‌తో తల దించుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది, నేను పాతపట్నంలో చేసిన గలతీ అమెరికా దేశం మొత్తం చేసిందని. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ఈస్ట్రోజెన్ వేసుకుంటే ఆడవాళ్ళు ఎప్పటికీ జవానీలోనే ఉంటారని ఒక కితాబ్ రాశాడు. అది లక్షల్లో అమ్ముడుపోయింది. చాలామంది ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడారు. 1975 డిసెంబరులో ఒకే పత్రికలో రెండు అధ్యయనాలు వచ్చాయి, అలా వాడిన వాళ్ళలో గర్భసంచి కేన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని. అప్పట్నుంచే జత మందు తప్పనిసరి అయింది. 1995లో ఫలితాలు మొదలైన పెపీ అనే ట్రయల్‌లో, సంచి ఉండి ఈస్ట్రోజెన్ ఒక్కటే వేసుకున్న వాళ్ళలో మూడేళ్ళకి 62 శాతం మందికి ఆ పొర ఏదో ఒక రకంగా అడ్డదిడ్డంగా పెరిగింది. నూటికి 62! నాకు జరగడం వింత కాదు, జరక్కపోతే వింత.

ముక్క పరీక్షకి వారం. ఆ వారం గురించి రాయను.

రిపోర్టులో హైపర్‌ప్లేసియా అని ఉంది. పొర మందంగా పెరిగింది కానీ కణాలు దారి తప్పలేదు. ఈ రకం కేన్సర్‌గా మారడం ఇరవై ఏళ్ళలో నూటికి ఐదుగురి కన్నా తక్కువ మందిలోనే. సంచి తీయక్కర్లేదు. ఆపా గోలీ వెంటనే ఆపాలి, ప్రొజెస్టోజెన్ ఆర్నెల్లు వాడాలి, మళ్ళీ ముక్క తీసి చూడాలి. అల్హందులిల్లాహ్ అని అక్కడే గట్టిగా అనేశాను. నర్సు నవ్వింది.

"ఏది వాడాలి?" అన్నాను. డాక్టరమ్మ కాగితం తీసి పేర్లు రాసింది. అసలు ఈ ముచ్చట రాయాలనిపించింది ఆ కాగితం వల్లే. అందులో ఒక్క పేరూ నాకు పూర్తిగా కొత్త కాదు.

మొదటిది నోరెథిస్టిరోన్. మెక్సికోలో సింటెక్స్ కంపెనీ ప్రయోగశాలలో 1951లో తయారైంది. ప్రిమోలట్-ఎన్, రెజెస్ట్రోన్ అంటే మన ఆడవాళ్ళు ఠక్కున గుర్తుపడతారు. తొంభైల్లో ఖాలా హజ్‌కి వెళ్ళినప్పుడు, తవాఫ్ రోజుల్లో హైజ్ రాకూడదని దుపట్టా కొంగుకి ముడేసుకుని తీసుకెళ్ళిన గోలీలు అవే. ఇక్కణ్ణుంచి నౌపడ దాకా చిన్న రైల్లో సాగనంపడానికి వెళ్ళాం, ఆ ముడి నాకు ఇంకా గుర్తు. మా పక్కింటి వాళ్ళు నీలమణి దుర్గమ్మ పండగకి, పెళ్ళిళ్ళకి వేసుకునేదీ అవే. అమ్మవారి గుడికీ మక్కాకీ ఒకే గోలీ! నెలసరి వాయిదాకి ఎక్కువ మోతాదులో వేసుకుంటారు, ఆ మోతాదులో అది ఒంట్లో కొంత ఈస్ట్రోజెన్‌గా కూడా మారుతుంది, నెత్తురు గడ్డకట్టే స్వభావం ఉన్నవాళ్ళకి మంచిది కాదు. సిన్నె యాస్‌లో జతగా వాడే మోతాదు చాలా తక్కువ.

రెండోది మెడ్రాక్సీప్రొజెస్టిరోన్. ఆశా అమ్మాయిలు చెప్పే అంతర ఇంజక్షన్, మూడు నెలలకోసారి వేసేది, 2017 నుంచి సర్కారు ఉచితంగా ఇస్తున్నది, అందులో ఉన్నది ఇదే. గోలీగా కూడా వస్తుంది. దీనికి పేరు చెడ్డది. 2002 జూలైలో అమెరికాలో 16,608 మంది మీద చేస్తున్న పెద్ద ట్రయల్‌ని మధ్యలో ఆపేశారు. అందులో వాడిన ఈస్ట్రోజెన్ కడుపుతో ఉన్న గుర్రాల పేషాబ్ నుంచి తీసింది, జత ఈ మెడ్రాక్సీప్రొజెస్టిరోన్. రొమ్ము కేన్సర్, గుండెపోట్లు, పక్షవాతాలు ఎక్కువయ్యాయన్నారు. ప్రపంచం మొత్తం హార్మోన్ గోలీలు చెత్తబుట్టలో పడేసింది. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి "అమ్మీ, అవి కేన్సర్ గోలీలు" అని ఏడ్చింది కూడా ఆ ఖబర్ మీదే.

లెక్క చూస్తే, ఏడాదికి పదివేల మంది గోలీలు వేసుకోని ఆడవాళ్ళలో 30 మందికి రొమ్ము కేన్సర్ వస్తే, వేసుకున్న పదివేల మందిలో 38 మందికి వచ్చింది. ఎనిమిది ఎక్కువ. తీసిపారేసే సంఖ్య కాదు, రాత్రుళ్ళు చావాల్సినంత సంఖ్యా కాదు. పైగా ఆ ట్రయల్‌లో ఆడవాళ్ళ సగటు వయసు 63. సెగలు మొదలయ్యే వయసు కాదది. ఇంకో సంగతి, సంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగం 2004 దాకా నడిచింది, వాళ్ళలో రొమ్ము కేన్సర్ పెరగలేదు. అంటే షక్ ఎవరి మీదికి పోయింది? జత మందు మీదికి. సంచిని కాపాడే మందే రొమ్ముకి పగయ్యిందేమోనని. నాకిది చాలా అన్యాయంగా అనిపించింది. ఆపాకి సంచి కోసి ఎముకలు పోగొట్టారు, నాకు సంచి ఉంచినందుకు రొమ్ము గురించి ఫిక్ర్.

కానీ జత మందులన్నీ ఒకటి కాదని డాక్టరమ్మ ఆ కాగితం మీద మూడోది, నాలుగోది రాసింది. డైడ్రోజెస్టిరోన్. మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరోన్. డ్యూఫాస్టాన్, సస్టెన్ అంటే మన ఊళ్ళో ప్రతి కోడలికీ తెలుసు, కడుపుతో ఉండి మచ్చ కనబడితే రాసేవి అవే. మా కోడలు మూడు నెలలు వేసుకుంది. ఫ్రాన్స్‌లో ఎనభై వేల మందికి పైగా ఆడవాళ్ళని ఎనిమిదేళ్ళు గమనించి 2008లో లెక్క చెప్పారు. ఈస్ట్రోజెన్‌కి జతగా మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరోన్ వాడిన వాళ్ళలో రొమ్ము కేన్సర్ మామూలు వాళ్ళతో సమానం. డైడ్రోజెస్టిరోన్‌తో కొద్దిగా ఎక్కువ, అదీ కచ్చితంగా చెప్పలేనంత. మిగతా కృత్రిమ ప్రొజెస్టోజెన్లతో దాదాపు 70 శాతం ఎక్కువ. అది చీటీలు తీసి ఇచ్చిన ట్రయల్ కాదు, ఎవరు ఏది వాడుతుంటే దాన్ని గమనించడమే. అయినా డాక్టర్లు ఇవాళ మైక్రోనైజ్డ్ వైపు మొగ్గడానికి అదొక పెద్ద కారణం. ఒంట్లో తయారయ్యేదీ క్యాప్సూల్‌లో ఉండేదీ అచ్చం ఒకటే పదార్థం. మత్తు వస్తుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి. నిద్ర పట్టని నాబోటి వాళ్ళకి అది ఐబు కాదు, హునర్!

ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివి కాసేపు నవ్వుకున్నాను. 1934లో మొదటిసారి శుద్ధంగా ప్రొజెస్టిరోన్ తీసింది ఆడపందుల అండాశయాల నుంచి. వేల పందులకి చిటికెడు మందు. తౌబా! నలభైల్లో రస్సెల్ మార్కర్ అనే కెమిస్ట్రీ ఆయన మెక్సికో అడవి దుంపల్లోంచి తీసిన పదార్థాన్ని ప్రొజెస్టిరోన్‌గా మార్చే దారి కనిపెట్టాడు. మన సవర వాళ్ళు కొండల మీంచి సంతకి తెచ్చే అడవి దుంపలకి దూరపు చుట్టాలన్నమాట అవి. అలాగని దుంప ఉడకేసుకుని తింటే పని జరగదు. ఆ మార్పు ప్రయోగశాలలోనే అవుతుంది, మన కడుపులో కాదు. దుంప క్రీములని అమ్మేవాళ్ళని నమ్మొద్దు.

క్యాప్సూల్ తొడుగు జిలటిన్. ఏ జానవర్‌దో డబ్బా మీద రాయరు. ఈసారి ధైర్యం చేసి షౌహర్‌కే చెప్పాను, మౌలానా సాబ్‌ని అడిగి రమ్మని. ఆయన వెళ్ళి, ఏమని అడిగారో ఏమో, వచ్చి "డాక్టర్ జరూరీ అంటే వేసుకోమన్నారు" అన్నారు. తర్వాత కొంచెం ఆగి, "ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. జవాబు లేదు నా దగ్గర.

ఐదోది లెవోనోర్జెస్ట్రెల్. ఇది గోలీ కాదు, సంచిలో పెట్టే చిన్న టీ ఆకారపు పరికరం. మిరెనా అని పేరు. కాపర్-టీ లాంటిదే కానీ రాగి ఉండదు, హార్మోన్ ఉంటుంది. రోజుకి కొన్ని మైక్రోగ్రాములు, అదీ పని ఉన్నచోటే వదులుతుంది, నెత్తుర్లోకి పోయేది తక్కువ. "మీకున్న జబ్బుకి ముందు చెప్పాల్సింది ఇదే. గోలీల కన్నా బాగా పని చేస్తుంది. తర్వాత మళ్ళీ ఈస్ట్రోజెన్ మొదలుపెడితే జతగా ఐదేళ్ళు ఇదే సరిపోతుంది" అంది. మరి మైక్రోనైజ్డ్ మంచిదన్నారు కదా అంటే, "రొమ్ముకి మెత్తనిది. కానీ మీ పొర ఇప్పటికే పెరిగింది, దాన్ని అణచడానికి కొంచెం గట్టిది కావాలి" అంది. ఇదే నాకు ఎక్కడా ఎవరూ చెప్పని మాట. ఏ ప్రొజెస్టోజెన్ మంచిది అన్న సవాలుకి ఒక్క జవాబు లేదు. ఎవరికి, ఎందుకు అన్నది ముందు తేలాలి.

ఇంట్లో చెప్తే గగ్గోలు. "నానీ అయ్యే వయసులో కాపర్-టీ ఏంటి, లోగ్ క్యా కహేంగే" అంది మా ఆడబిడ్డ. లోగ్‌కి ఎలా తెలుస్తుందో నాకర్థం కాలేదు. నన్ను ఆపింది అది కాదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా ఖూన్ కనబడుతుందని డాక్టరమ్మ చెప్పింది. అంటే మళ్ళీ నమాజ్ మసలా. గోలీల్లోనూ ఇదే తకరారు ఉంది. నెలలో 12 నుంచి 14 రోజులు మాత్రమే ప్రొజెస్టోజెన్ వేసుకునే పద్ధతిలో ఆపిన ప్రతిసారీ నెలసరిలా వస్తుంది. నెలసరి ఇంకా పూర్తిగా ఆగని వాళ్ళకి ఆ పద్ధతి. ఆగి ఏడాది దాటిన వాళ్ళకి రెండూ రోజూ వేసుకునే పద్ధతి, మొదట్లో కొన్ని చుక్కలు, తర్వాత ఏమీ రాదు. డాక్టర్లకి ఇది చిన్న తేడా. ఐదు పూటలు ముసల్లా పరిచే ఔరత్‌కి ఇది చిన్న తేడా కాదు. కాబట్టి అడగాలి. నేను అడిగాను కాబట్టి ఆమె చెప్పింది, అడక్కపోతే ఏదో ఒకటి రాసి పంపేది.

పెట్టించుకున్నాను. పెట్టేటప్పుడు నొప్పి ఉంది, లేదన్న వాళ్ళు అబద్ధం చెప్పినట్టే. నాలుగు నెలలు చుక్కలు. పది రోజులు దాటినది ఇస్తిహాజా, ప్రతి నమాజ్ వక్తుకీ తాజా వుజూ చేసుకుని చదువుకో అంది ఖాలా. చదువుకున్నాను. ఈస్ట్రోజెన్ లేదు కాబట్టి సెగలు వాపస్ వచ్చాయి. రంజాన్ వచ్చింది. మే ఎండ కాదు కదా అనుకున్నాను గానీ, లోపలి ఎండకి నెలలతో పనేముంది. ఒక్క తేడా, ఈసారి రెండున్నరకి మా షౌహర్ కూడా లేచి ఫ్యాన్ పెంచేవారు.

ఆర్నెల్లకి మళ్ళీ ముక్క తీశారు. పొర పల్చబడింది. రిపోర్టులో ఆ మాట లేదు. డాక్టరమ్మ అప్పుడు ఈస్ట్రోజెన్ జెల్ రాసింది, చేతికి రాసుకునేది. గోలీ కాలేయం మీదుగా పోతుంది, గడ్డకట్టే ప్రమాదం కొంచెం పెంచుతుంది, చర్మం మీంచి పోయేదానికి ఆ బాధ తక్కువట. జత మందు లోపల ఉండనే ఉంది. ఏటా రొమ్ము పరీక్ష, మళ్ళీ ఎప్పుడు ఖూన్ కనబడినా పరిగెత్తుకు రావడం, ఇవి షరతులు. 2025 నవంబరులో అమెరికా మందుల శాఖ ఈ హార్మోన్ మందుల డబ్బాల మీది పెద్ద పెద్ద హెచ్చరికలు చాలా వరకు తీసేస్తామని చెప్పింది. ఒక్కటి మాత్రం ఉంచింది. సంచి ఉన్నవాళ్ళు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి కేన్సర్ అన్నది. అది చదివి ఆపాకి ఫోన్ చేశాను. "నేను చెప్పానా లేదా!" అంది. చెప్పింది.

మొన్న పక్కింటి అమ్మాయి, అమ్మాయి అంటే నలభై ఎనిమిదేళ్ళు, పెరటి గోడ మీంచి పిలిచింది. "అప్పా, నీకు ఆ మంటలు తగ్గిపోనాయంట గదా. నానూ రాత్తెల్లా సచ్చిపోతన్నాను. ఆ మందు పేరేటో రాసియ్యి, మావోడు పర్లాకిమిడి ఎల్తన్నాడు, తెచ్చీస్తాడు."

"నీకు సంచి ఉందా, తీసేశారా?" అన్నాను.

తెల్లబోయింది. "ఉంది. అదేటప్పా, సంచికీ దీనికీ ఏటి సంబందం?"

"మీవాడితో ఏం తెప్పించకు. బేస్తవారం ఏడు గంటల బస్సుకి నాతో రా. ఆధార్ కార్డు తెచ్చుకో, కడుపుతో ఉన్నప్పటి పాత కాగితాలేమైనా ఉంటే అవీ తెచ్చుకో" అన్నాను.

"బేస్తవారం మాకు ఉప్పాసం."

"నాకు ఉపవాసం ఎన్నిసార్లు తగిలిందో నీకేం తెలుసు. సరే, శుక్రారం. జుమాకి తిరిగొచ్చేద్దాం."